కథ పంపే ముందు మీ పేరు మీరే వెతుక్కోండి: కొత్త రచయితలకు ఆన్‌లైన్ మార్గదర్శి

పోయిన చలికాలంలో నల్లగొండలో ఒక మిత్రుని ఇంట్లో ఐదుగురం కూర్చున్నాం. జిల్లాలోని కొత్త కథకులతో ఒక సంకలనం వేద్దామని, వచ్చిన కథలన్నీ చాప మీద పరుచుకున్నాం. సాయంత్రానికి ఒక్క కథకే చోటు మిగిలింది. చేతిలో రెండు కథలున్నాయి. ఒకటి మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిన మనిషిది, ఇంకొకటి బత్తాయి తోట అమ్ముకున్న కుటుంబానిది. రెండూ బాగున్నాయి. మాలో ఒకాయన ఫోన్ తీసి ఇద్దరి పేర్లూ వెతికాడు.

బత్తాయి తోట కథ మూడేళ్ల కిందటే వేరే పేరుతో ఒక కథల యాప్‌లో పూర్తిగా వచ్చేసింది. అంతకు ముందు ఎక్కడా రాని కథలే కావాలని మేము ముందే చెప్పాం కాబట్టి దాన్ని పక్కన పెట్టక తప్పలేదు. ఫ్లోరైడ్ కథ తీసుకున్నాం. కానీ ఆ రచయితను పట్టుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. కథ కింద రాసిన నంబర్ పని చేయడం లేదు, ఫేస్‌బుక్ ఖాతాకు తాళం ఉంది, మెయిల్‌కు జవాబు రాలేదు. చివరికి వాళ్ల మండలంలో పనిచేసే ఒక టీచర్ ద్వారా దొరికాడు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే పుస్తకం ప్రెస్‌కు వెళ్లిపోయేది.

ఆ రోజు నుంచి కథలు రాసే పిల్లలు ఎవరు కలిసినా ఇదే చెబుతున్నాను. ఎడిటర్ మీ పేరు వెతికేది మీకు ఎంతమంది ఫాలోయర్లు ఉన్నారో లెక్కపెట్టడానికి కాదు. ఈ రచన ఇంతకు ముందే బయటికి వచ్చిందా, ఈ మనిషి అవసరానికి దొరుకుతాడా, కలిసి పని చేయగలమా అని చూసుకోవడానికి. ఈ మూడింటికీ మంచి జవాబు దొరికేలా మీ ఆన్‌లైన్ ఇల్లు సర్దుకోవచ్చు. దానికి డబ్బు అక్కర్లేదు, రెండు ఆదివారాలు చాలు.

మొదటి మెట్టు: మీ పేరు వెతకండి

ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి ఇన్‌కాగ్నిటో, అంటే ప్రైవేట్ విండో పెట్టుకోండి. మామూలుగా వెతికితే గూగుల్ మీ అలవాట్లను బట్టి ఫలితాలు చూపిస్తుంది. ఎడిటర్‌కు కనబడేది వేరుగా ఉండొచ్చు. మీ పేరును తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి, ఊరి పేరు కలిపి ఒకసారి వెతకండి. మన జిల్లా పేరునే నల్లగొండ అనీ నల్గొండ అనీ రెండు రకాలుగా రాస్తాం. మహబూబ్‌నగర్ వాళ్లు సగం చోట్ల పాలమూరు అని రాసుకుంటారు. అన్నీ కొట్టి చూడండి.

శ్రీనివాస్, వెంకటేశ్, స్వప్న లాంటి పేర్లున్న వాళ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది. అదే పేరుతో ఇంకో నలుగురు రాస్తుంటారు. ఇంటి పేరు పూర్తిగా పెట్టుకోవాలా, ఊరి పేరు తగిలించుకోవాలా, కలం పేరు తీసుకోవాలా అనేది మీ ఇష్టం. ఏది తీసుకున్నా ఒకటే పేరు, ఒకటే స్పెల్లింగ్ అన్ని చోట్లా ఉండాలి. ఒక పత్రికలో పొడి అక్షరాలతో, ఇంకో చోట ఇంటి పేరుతో, ఫేస్‌బుక్‌లో ముద్దు పేరుతో ఉంటే ఆ ముగ్గురూ ఒక్కరే అని చదివేవాళ్లకు తెలిసే దారి లేదు.

పేరు అయ్యాక మీ కథల్లోంచి ఒక వాక్యం తీసుకోండి. ఇంకెవరూ రాసి ఉండని వాక్యం, ఏడెనిమిది మాటలున్నది. దాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టి వెతకండి. మీరు పెట్టి మరిచిపోయిన పాత పోస్టులు బయటపడొచ్చు, మీ కథను ఎవరైనా తమ పేరుతో పెట్టుకుంటే అదీ బయటపడొచ్చు.

రెండో మెట్టు: ఏది ఇప్పటికే ప్రచురితమైపోయిందో తేల్చుకోండి

అన్నింటికన్నా ముఖ్యమైంది ఇదే, కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను.

2020 లాక్‌డౌన్‌లో బొంబాయి, పుణె నుంచి పాలమూరు వలస కూలీలు తిరిగి వస్తున్నప్పుడు నేను ఒక కథ రాశాను. ఆగలేక దాన్ని మూడు భాగాలుగా ఫేస్‌బుక్‌లో పెట్టాను. చాలామంది చదివారు, నారాయణపేట నుంచి ఒకాయన ఫోన్ చేసి ఏడ్చాడు. ఏడాది తర్వాత అదే కథను కొంచెం దిద్ది ఒక పత్రిక పోటీకి పంపాను. బహుమతి వచ్చిందని ఫోన్ వచ్చింది. వారం తర్వాత మళ్లీ ఫోన్.

"సార్, ఈ కథ ఫేస్‌బుక్‌లో పెట్టారా?"

"పెట్టాను సార్. నా వాల్ మీదే కదా, అచ్చు కాలేదు."

"హామీ పత్రంలో ఏం సంతకం చేశారో ఒకసారి చదువుకోండి."

చదువుకున్నాను. "ఈ కథ నా సొంతం. దేనికీ అనువాదం, అనుకరణ కాదు. ఇంతవరకు ఏ పత్రికలో గానీ, వెబ్‌సైట్‌లో గానీ, సోషల్ మీడియాలో గానీ ప్రచురితం కాలేదు" అని ఉంది. కింద నా సంతకం. బహుమతి పోయినందుకు కాదు, నా చేత్తో అబద్ధానికి సంతకం పెట్టానన్న బాధ చాలా రోజులు ఉండిపోయింది. చదవకుండా పెట్టిన సంతకమే కావొచ్చు, అయినా సంతకం సంతకమే.

తెలుగు పత్రికల్లో, పోటీల్లో దాదాపు అందరూ ఈ హామీ పత్రం అడుగుతారు. కాబట్టి ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. అందరికీ కనబడేలా పూర్తి కథ ఎక్కడ పెట్టినా, అది ఫేస్‌బుక్ అయినా, కథల యాప్ అయినా, యూట్యూబ్‌లో చదివి వినిపించినా, పత్రిక దృష్టిలో అది వచ్చేసిన కథే. వాట్సాప్ గ్రూపులో పెట్టినా నిలవదు, ఎందుకంటే ఎవరో ఒకరు పేరు తీసేసి ఫార్వర్డ్ చేస్తారు. తర్వాత డిలీట్ చేస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. పోస్టు పోతుంది, స్క్రీన్‌షాట్లు పోవు, షేర్ చేసిన వాళ్ల కాపీలు పోవు. డిలీట్ చేసి, హామీ పత్రంలో రాలేదని రాయడం మాత్రం అస్సలు చేయకండి. దాని బదులు ఎడిటర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి: "దీని మొదటి రూపం ఫలానా సంవత్సరం నా ఫేస్‌బుక్‌లో పెట్టాను, తర్వాత తీసేశాను. మీ నిబంధనలకు సరిపోతుందా?" కొందరు వద్దంటారు, కొందరు సరేనంటారు. మీ మాట మీద నమ్మకం మాత్రం మిగులుతుంది.

పుస్తకం సంగతి వేరు. తెలుగులో కథల సంపుటాలు ఎక్కువగా ఇంతకు ముందు పత్రికల్లో వచ్చిన కథలతోనే వస్తాయి. ఏ కథ ఏ పత్రికలో ఏ నెలలో వచ్చిందో లోపల అచ్చు వేస్తారు కూడా. ప్రచురణకర్తకు అది ఇబ్బంది కాదు, ఒక రకంగా భరోసా. అందుకే ఇప్పుడే ఒక నోట్‌బుక్‌లోనో ఫోన్‌లోనో పట్టిక మొదలుపెట్టండి. కథ పేరు, రాసిన తేదీ, ఎక్కడికి పంపారు, ఎప్పుడు వచ్చింది, ఆన్‌లైన్‌లో ఏ భాగం పెట్టారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఒకే కథను రెండు పత్రికలకు ఒకేసారి పంపే పొరపాటు కూడా ఈ పట్టికతో తప్పుతుంది.

మరి ఆన్‌లైన్‌లో ఏమీ పెట్టొద్దా? పెట్టండి. కథలోంచి నాలుగైదు వాక్యాలు, కథ పుట్టిన సందర్భం, దాని కోసం వెతికిన విషయాలు పెట్టొచ్చు. కవుల పరిస్థితి కొంచెం కష్టం, రాసిన గంటలోనే పోస్టు చేయాలనిపిస్తుంది. సోమవారం సాహిత్య పేజీకి పంపాలనుకున్న కవితను మాత్రం ఆపుకోండి. అచ్చయ్యాక ఎలాగూ పెట్టుకోవచ్చు.

దొంగతనం భయంతో ముందే పోస్టు చేసే వాళ్లూ ఉన్నారు. తేదీ సాక్ష్యంగా ఉంటుందని వాళ్ల ఆలోచన. దానికి తేలిక దారి ఉంది. రాసిన వెంటనే ఫైలును మీ మెయిల్ నుంచి మీకే పంపుకోండి, తేదీ అక్కడే నిలుస్తుంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన రాసినప్పుడే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది.

మూడో మెట్టు: పాత పోస్టులు చూసుకోండి

దీన్ని తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను. మీ అభిప్రాయాలు దాచుకోమని నేను చెప్పడం లేదు. కులం గురించి, నీళ్ల గురించి, భూముల గురించి మీరు గట్టిగా మాట్లాడినందుకు మంచి ప్రచురణకర్త వెనక్కి తగ్గడు. అలా తగ్గేవాళ్ల దగ్గర మీ పుస్తకం రాకపోయినా నష్టం లేదు.

ఎడిటర్లను వెనక్కి లాగేవి వేరే ఉన్నాయి. తోటి రచయితను బూతులు తిట్టిన పోస్టు, ఒకరి కులాన్నో రూపాన్నో పట్టుకొని చేసిన కామెంట్, ఎవరో నమ్మి పంపిన మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి అందరికీ చూపించడం, కథ తిరిగొస్తే ఆ పత్రికను పేరు పెట్టి దులిపేయడం. ఇలాంటిది చూసినప్పుడు "రేపు నా మెయిల్ కూడా ఇలాగే బజారులో పెడతాడు" అని ఎవరికైనా అనిపిస్తుంది. వేరే వాళ్ల కవితను పేరు లేకుండా పెట్టుకున్న పోస్టు అంతకన్నా చేటు. మీరు ఇష్టంతోనే పెట్టి ఉండొచ్చు, చూసేవాళ్లకు దొంగతనంలా కనబడుతుంది.

ఫేస్‌బుక్‌లో మీ ప్రొఫైల్ దగ్గర మూడు చుక్కలు నొక్కితే యాక్టివిటీ లాగ్ వస్తుంది. మీ పోస్టులే కాదు, మీరు ఇతరుల దగ్గర రాసిన కామెంట్లు కూడా అక్కడ దొరుకుతాయి. ఒక్కో సంవత్సరం చొప్పున వెనక్కి వెళ్లండి. తీసేయాలో వద్దో తేలని పోస్టును ఆర్కైవ్‌లో వేయండి. అది మీకు ఉంటుంది, బయటికి కనబడదు. పాత పబ్లిక్ పోస్టులన్నీ ఒకేసారి స్నేహితులకు మాత్రమే కనబడేలా మార్చే వీలు కూడా సెట్టింగ్స్‌లో ఉంది. కానీ అలా మార్చాక అన్నింటినీ ఒక్క నొక్కుతో మళ్లీ పబ్లిక్ చేయలేరు. మంచి వ్యాసాలు కూడా దాని కింద పడిపోతాయి, అందుకే చేత్తో ఏరుకోవడమే మేలు.

నాలుగో మెట్టు: దొరికే చోటు ఒకటి ఉండాలి

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్నా అని ఒకప్పుడు ఒకరు రాస్తే, దానికి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. ప్రతాపరెడ్డి గారి సొంతూరు ఇప్పటి గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. కవులు అంతకు ముందూ ఉన్నారు, రాస్తూనే ఉన్నారు. ఒక్క చోట కనబడలేదు, అంతే. దాన్ని తలుచుకుంటేనే మన వైపు పిల్లలు తమ వివరాలు రాసుకోవడానికి మొహమాటపడటం నాకు బాధగా ఉంటుంది.

ఒక ఫేస్‌బుక్ పేజీ కావొచ్చు, ఉచితంగా వచ్చే బ్లాగు కావొచ్చు. మీ గురించి నాలుగు వాక్యాలు, అచ్చయిన రచనల జాబితా, ఒక మెయిల్ అడ్రస్, ఒక స్పష్టమైన ఫోటో ఉంటే చాలు. ఆ నాలుగు వాక్యాల దగ్గరే చాలామంది తడబడతారు. మాకు వచ్చిన పరిచయాలు ఎక్కువగా ఇలా ఉంటాయి: "చిన్నప్పటి నుంచి సాహిత్యమంటే ప్రాణం. అక్షరమే ఆయుధంగా సమాజ హితం కోసం రాస్తున్నాను. ఎన్నో సన్మానాలు, బిరుదులు అందుకున్నాను." ఇందులో మనిషి కనబడడు. అదే రచయితతో కూర్చొని మేము రాయించింది ఇది:

"సొంతూరు చండూరు దగ్గర పల్లె. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. 2021 నుంచి కథలు రాస్తున్నాను, ఆరు అచ్చయ్యాయి. మిల్లు హమాలీల మీద కథల పుస్తకం సిద్ధం చేస్తున్నాను."

రెండోది చదివిన ఎడిటర్‌కు ఈ మనిషి దగ్గర ఏముందో తెలుస్తుంది. మిల్లు లోపలి సంగతి ఇతనికి తెలుసు, వేరేవాళ్లకు తెలియదు.

సాంకేతికంగా రెండు జాగ్రత్తలు. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లలో టైపు చేస్తారు. అచ్చుకు బాగానే ఉంటుంది గానీ ఆ అక్షరాలను ఆన్‌లైన్‌లో పెడితే పిచ్చి గీతల్లా వస్తాయి, గూగుల్‌కు అర్థం కావు. ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా సరిగ్గా కనబడే యూనికోడ్ అక్షరాల్లోకి మార్పించుకోండి. ఫోన్ కీబోర్డులో నేరుగా తెలుగు టైపు చేస్తే అది యూనికోడే. రెండోది, అచ్చయిన కవితను పత్రిక పేజీ ఫోటోగా మాత్రమే పెట్టి వదిలేయకండి. కింద కవిత పేరు, మీ పేరు, పత్రిక పేరు, తేదీ టైపు చేయండి. ఫోటోలో ఉన్న పేరు వెతికితే దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. దొరకాలి అంటే ఫోన్ నంబర్ బయట పెట్టాలని కాదు. మన పత్రికలు కథ కింద రచయిత నంబర్ వేయడం అలవాటు. వనపర్తి వైపు ఒక అక్క మొదటి కథ అచ్చయిన ఆదివారం మధ్యాహ్నానికే ఫోన్ స్విచ్చాఫ్ చేసుకోవాల్సి వచ్చింది. సంతోషపడాల్సిన రోజు టెన్షన్‌తో గడిచింది. కథ పంపేటప్పుడే "నా ఫోన్ నంబర్ ఆఫీసు వాడకానికి మాత్రమే, అచ్చులో మెయిల్ వేయండి" అని రాయండి. సొంత ప్రొఫైల్‌కు తాళం వేసుకొని, రచనలకు వేరే పేజీ పెట్టుకోండి. కలం పేరు పెట్టుకోవడంలో తప్పే లేదు. అసలు పేరు పారితోషికం కోసం పత్రికకు తెలిస్తే సరిపోతుంది.

ఐదో మెట్టు: వారానికి ఒక్కసారి, అదీ పనికొచ్చేది

రోజూ గుడ్ మార్నింగ్ కవిత పెట్టడం వల్ల పుస్తకం రాదు. వారానికి ఒకటి చాలు. చదివిన పుస్తకం గురించి నిజాయితీగా రాయండి, ముఖ్యంగా మీతో పాటు రాస్తున్న వాళ్ల పుస్తకాల గురించి. మీ ఊరి మాట ఒకటి తీసుకొని అది ఎక్కడ ఎలా వాడతారో రాయండి. జొన్న రవ్వతో వండే గట్క అనే మాట మీద నేను రాసిన పది లైన్లకు, నా కథలకెప్పుడూ రానంత మంది మాట్లాడారు. దేవరకొండ నుంచి ఒకరు, కొల్లాపూర్ నుంచి ఒకరు, వాళ్ల అమ్మమ్మ ఎలా వండేదో చెప్పుకొచ్చారు. తర్వాత నా పుస్తకం అడిగి కొన్నది కూడా వాళ్లే.

ఇక ఫాలోయర్ల సంగతి. తెలుగులో కొత్త రచయిత పుస్తకం సాధారణంగా కొన్ని వందల కాపీలు వేస్తారు. చాలా సందర్భాల్లో రచయితే కొంతో మొత్తమో ఖర్చు పెట్టుకుంటాడు. ప్రచురణకర్త అడిగే మొదటి ప్రశ్న "మీ ద్వారా ఎన్ని కాపీలు పోతాయి?" అని. పదివేల మంది ఫాలోయర్లు ఉండి, పుస్తకం వచ్చాక ఇరవై కాపీలు కూడా కదలని వాళ్లను చూశాను. నా ఉద్దేశంలో పెద్ద పోస్టును చివరిదాకా చదివి, దాని మీద ఒక వాక్యం రాసే యాభై మంది ఉంటే మీకు బలం ఉన్నట్టే. వాళ్లే డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు వచ్చి మీ పుస్తకం ఏ స్టాల్‌లో ఉందని అడుగుతారు. డబ్బులిచ్చి లైకులు కొనడం శుద్ధ దండగ.

ఆరో మెట్టు: పంపడం

మెయిల్ చిన్నగా ఉండాలి. ఇలా రాయొచ్చు:

"నమస్కారం సార్. మాది నకిరేకల్. ఒక కథ పంపుతున్నాను, సుమారు 1,400 పదాలు. ఇది నా సొంత రచన. ఏ పత్రికలో, వెబ్‌సైట్‌లో, సోషల్ మీడియాలో రాలేదు. వేరే పత్రిక పరిశీలనలో లేదు. యూనికోడ్ ఫైలు, పీడీఎఫ్ జత చేశాను. నా వివరాలు, ఇంతకు ముందు అచ్చయిన రెండు కథల లింకులు కింద ఉన్నాయి."

లింకులు రెండు చాలు, మీ మంచివి. పంపాక ఎడిటర్ సొంత పోస్టు కింద "సార్ నా కథ ఏమైంది" అని అడగొద్దు, రాత్రి పూట మెసెంజర్‌లో పలకరించొద్దు, ప్రతి పోస్టుకూ ట్యాగ్ చేయొద్దు. మూడు నెలలు చూసి ఒక్క మెయిల్ పెట్టండి. జవాబు రాకపోతే, కథ వెనక్కి తీసుకుంటున్నానని రాసి వేరే చోటికి పంపండి.

ఏడో మెట్టు: వాళ్లే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తే

మీరు ఆన్‌లైన్‌లో కనబడటం మొదలయ్యాక మెసేజ్‌లు వస్తాయి. "మీ కవిత చూశాం, మా సంకలనంలో సహ రచయితగా అవకాశం, సర్టిఫికెట్, మెమెంటో ఇస్తాం, ఇంత కట్టండి" అంటారు. అలాంటి పుస్తకాలు చాలావరకు అందులో రాసిన వాళ్లే కొనుక్కుంటారు. డబ్బు కట్టే ముందు వాళ్ల పాత పుస్తకం ఒకటి షాపులో దొరుకుతుందేమో వెతకండి. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు వేలు అడిగితే అక్కడే ఆగిపోండి. మన దేశంలో దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది.

మంచి ప్రచురణకర్త ముందుకొస్తే కాగితం మీద రాసుకోండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలని చట్టం చెబుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లు అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. అచ్చు హక్కు, ఈ-బుక్ హక్కు, ఆడియో హక్కు విడివిడిగా రాయించుకోండి. ఇంతకు ముందు ఏవైనా కథలు యాప్‌లలో పెట్టి ఉంటే, ఆ యాప్ షరతులు చదివి, సంతకానికి ముందే ఆయనకు చెప్పండి.

ఖాయమైందని తెలియగానే పోస్టు చేయాలని చేతులు ఆగవు, నాకు తెలుసు. కవర్ గానీ, విడుదల తేదీ గానీ ప్రచురణకర్త ప్రకటించేదాకా ఆగండి. ఆయన ప్రకటించాక దాన్నే షేర్ చేయండి. ఆ రోజే మీ పేజీకి వెళ్లి, పరిచయంలో "పుస్తకం సిద్ధం చేస్తున్నాను" అన్న చోట పుస్తకం పేరు, సంవత్సరం, కాపీలు దొరికే చోటు రాయండి. మెయిల్ అడ్రస్ ఇంకా పని చేస్తోందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.